బండిలో రేడియో ఎందుకు గరగరమంటుంది?

లారీ క్యాబిన్‌లోనో కారులోనో రేడియో సరిగా పలకకపోతే చాలామంది ముందుగా సెట్టునే అనుమానిస్తారు. "పాతబడింది, మార్చాలి" అని తీర్పు చెప్పేస్తారు. వేల రూపాయలు పోసి కొత్త సెట్టు బిగించాక కూడా అదే గరగర వినిపిస్తే, "ఈ ఊళ్లో రేడియో పట్టదు" అని సరిపెట్టుకుంటారు. ఈ రెండు తీర్పులూ చాలాసార్లు తప్పే. లోపం ప్రసార కేంద్రం నుంచి మన చెవి వరకు ఉన్న దారిలో ఎక్కడైనా ఉండవచ్చు. అదెక్కడుందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకుందాం. రేడియో బాగా వినిపించడం అంటే సంకేతం బలంగా ఉండడం ఒక్కటే కాదు. గుడిలో మెల్లగా మాట్లాడినా వినిపిస్తుంది, తిరునాళ్లలో అరిచినా వినిపించదు. చుట్టూ ఉన్న రొద కంటే మాట ఎన్ని రెట్లు బలంగా ఉందన్నదే ముఖ్యం. రేడియో విషయంలోనూ అంతే. సంకేతం తగ్గినా, రొద పెరిగినా ఫలితం ఒకటే: గరగర. అందుచేత మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న "సంకేతం తగ్గిందా? రొద పెరిగిందా?" అన్నదే.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఛత్తీస్‌గఢ్‌లోని తిల్దా చక్కని ఉదాహరణ. రాయపూర్‌కు ఉత్తరాన 35–40 కిలోమీటర్ల దూరంలో, హౌరా–ముంబై రైలు మార్గం మీద ఉన్న ఊరు ఇది. జంట ఊరు నేవరాతో కలిపి తిల్దా-నేవరా అంటారు. ఇక్కడ రైస్ మిల్లులు ఎక్కువ. ఈ రాష్ట్రంలో పండిన బియ్యం విశాఖపట్నం, కాకినాడ రేవుల ద్వారా విదేశాలకు ఎగుమతి అవుతుంది. కాబట్టి తెలుగు నేలకూ ఈ ప్రాంతానికీ మధ్య లారీల రాకపోకలు మామూలే. బండిలో రేడియోకు వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈ ఊళ్లోనూ, ఇక్కడి నుంచి విశాఖకు పోయే దారిలోనూ ఎదురవుతాయి.

ఏ తరంగం ఎంత దూరం పోతుంది?

ఎఫ్.ఎం. ప్రసారాలు సుమారు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య జరుగుతాయి. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లు. ఇవి దాదాపు కాంతిలాగే తిన్నగా ప్రయాణిస్తాయి. భూమి గుండ్రంగా ఉండడం వల్ల కొంత దూరం పోయాక నేల వంపు అడ్డం వస్తుంది. ఆ దూరాన్ని అంచనా వేయడానికి ఒక సులువైన సూత్రం ఉంది. ప్రసార గోపురం ఎత్తు, ఏరియల్ ఎత్తు మీటర్లలో తీసుకుని, ఒక్కొక్కదాని వర్గమూలాన్ని 4.12తో గుణించి, రెండూ కలిపితే దూరం కిలోమీటర్లలో వస్తుంది.

రాయపూర్‌లో 100 మీటర్ల ఎత్తు గోపురం ఉందనుకుందాం. 100 వర్గమూలం 10. దాన్ని 4.12తో గుణిస్తే 41 కిలోమీటర్లు. కారు మీది ఏరియల్ నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే మరో 5 కిలోమీటర్లు. మొత్తం 46. అంటే తిల్దా సరిగ్గా అంచుకు దగ్గరగా ఉందన్నమాట. అంచు దాటగానే సంకేతం కత్తితో కోసినట్టు ఆగిపోదు. వివర్తనం వల్ల కొంత దూరం వంగి పోతుంది. అయితే త్వరగా బలహీనపడుతుంది. ఇలాంటి చోట మేడ మీద ఏరియల్ కట్టుకున్న వారికి స్పష్టంగా వినిపించే కేంద్రం, వీధిలో నిలిపిన కారులో గరగరమనడంలో వింత లేదు.

మీడియం వేవ్ సంగతి వేరు. రాయపూర్ ఆకాశవాణి కేంద్రం శ్రోతలకు దశాబ్దాల పాటు 981 కిలోహెర్ట్జ్ మీద పరిచయం. దాని తరంగం పొడవు సుమారు 306 మీటర్లు. ఇంత పొడవైన తరంగాలు నేలను అంటిపెట్టుకుని, వంపుతో పాటు సాగుతాయి. అందుకే శక్తిమంతమైన కేంద్రాన్ని పగటిపూట కూడా వంద కిలోమీటర్లు దాటి వినవచ్చు.

చీకటి పడ్డాక మరో మార్పు వస్తుంది. భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున అయనావరణంలో ఉండే 'డి' పొర పగటిపూట మీడియం వేవ్‌ను మింగేస్తుంది. సూర్యుడు అస్తమించాక ఆ పొర దాదాపు మాయమవుతుంది. అప్పుడు పైకి పోయిన తరంగాలు ఇంకా ఎత్తున ఉన్న పొరలను తాకి తిరిగి నేలకు వస్తాయి. మన దేశంలో అయనావరణ పరిశోధనకు బాట వేసిన వారిలో కలకత్తాకు చెందిన శిశిర్ కుమార్ మిత్ర ముఖ్యులు. రాత్రిపూట వందల కిలోమీటర్ల దూరంలోని కేంద్రాలు తేలివచ్చి, కాసేపటికి మునిగిపోయి, మళ్లీ తేలడానికి కారణం ఇదే. నేల మీదుగా వచ్చిన తరంగం, ఆకాశం నుంచి దిగిన తరంగం ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఒకసారి బలపడతాయి, ఒకసారి రద్దవుతాయి. ఇది సెట్టు లోపం కాదు. ఏ మెకానిక్కూ దీన్ని బాగుచేయలేడు.

తొమ్మిది లెక్క

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 981లోని అంకెలు కూడితే 18. హైదరాబాద్ 'ఎ' కేంద్రం మీడియం వేవ్ సంఖ్యగా ప్రసిద్ధమైన 738, విజయవాడ 837, విశాఖపట్నం 927, వీటన్నిటి అంకెల మొత్తమూ 18. ఇది కాకతాళీయం కాదు. 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ప్రాంతాల మీడియం వేవ్ కేంద్రాలను 9 కిలోహెర్ట్జ్ ఎడంతో అమర్చారు. 1978 నవంబరు నుంచి అది అమలైంది. కేంద్రాల సంఖ్యలన్నీ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడతాయి.

అమెరికాలో ఈ ఎడం 10 కిలోహెర్ట్జ్. అక్కడి పద్ధతికి అమర్చిన డిజిటల్ సెట్టు 830 నుంచి 840కి గెంతుతుంది, 837 మీద ఆగదు. మాట ముద్దగా, కీచుగా వినిపిస్తుంది. చాలా సెట్లలో ప్రాంతాన్ని మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. అది సరిచేస్తే చాలు. అలాగే జపాన్ దేశీయ అవసరాల కోసం తయారైన పాత సెట్లు ఎఫ్.ఎం.లో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే పట్టగలవు. పాత సామాన్ల అంగడిలో చవకగా దొరికిన ఇలాంటి సెట్టులో మన కేంద్రాలు చాలావరకు వినిపించవు.

మరో మాట. ఇటీవలి సంవత్సరాలలో ఆకాశవాణి పలు మీడియం వేవ్ ప్రసారిణులను నిలిపివేసి ఎఫ్.ఎం.కు ప్రాధాన్యం ఇస్తోంది. కాబట్టి బండిని విప్పడానికి ముందు, ఆ కేంద్రం ఇంకా ఆ సంఖ్య మీద ప్రసారం చేస్తోందో లేదో కనుక్కోవాలి. పక్క బండిలోనూ వినిపించకపోతే లోపం మన బండిలో వెతికి లాభం లేదు.

దారి పొడవునా అడ్డంకులు

తిల్దా నుంచి లారీ రాయపూర్, ధమ్తరీ, కాంకేర్ మీదుగా కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి, జగదల్‌పూర్, కోరాపుట్ దాటి, సాలూరు ఘాట్ దిగి విజయనగరం చేరుతుంది. మైదానంలో క్రమంగా తగ్గే ఎఫ్.ఎం. సంకేతం ఘాట్‌లో మలుపు మలుపుకూ తెగుతుంది. కొండ చాటుకు 3 మీటర్ల తరంగం సరిగా వంగలేదు. మీడియం వేవ్‌కు కొండలు అంతగా అడ్డు కావు. అయితే దానికి వేరే బలహీనత ఉంది. రైలు పట్టాల కింద ఉండే ఇరుకు వంతెనలోకో సొరంగంలోకో పోగానే మీడియం వేవ్ మూగబోతుంది. 300 మీటర్ల తరంగానికి ఆ రంధ్రం మరీ చిన్నది. అదే చోట ఎఫ్.ఎం. కొంత లోపలికి దూరగలదు. కొండ దగ్గర ఒకటి, వంతెన కింద మరొకటి ఓడిపోవడానికి కారణం తరంగం పొడవే.

పట్నంలో మరో వింత చూడవచ్చు. ఎర్ర దీపం దగ్గర కారు ఆగగానే ఎఫ్.ఎం. గరగరమంటుంది. అరమీటరు ముందుకు జరిపితే బాగుపడుతుంది. నేరుగా వచ్చిన తరంగం, ఎదుటి భవనాన్ని తాకి తిరిగివచ్చిన తరంగం ఏరియల్ దగ్గర కలిసి కొన్ని చోట్ల రద్దవుతాయి. ఇలా రద్దయ్యే చోట్లు దాదాపు అర తరంగం ఎడంతో, అంటే సుమారు 1.5 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 16.7 మీటర్లు కదులుతుంది కాబట్టి సెకనుకు పదకొండు సార్లు ఈ గుంటల్లో పడి లేస్తుంది. వేగంగా వినిపించే పటపట శబ్దం అదే.

రైలు మార్గం పక్కన మరొక రొద ఉంది. తిల్దా మీదుగా పోయే రైళ్లకు 25,000 వోల్టుల తీగ కరెంటు ఇస్తుంది. ఇంజను మీది పాంటోగ్రాఫ్ తీగను ఒరుసుకుంటూ పోతున్నప్పుడు క్షణకాలం ఎడమైతే నిప్పురవ్వ లేస్తుంది. ప్రతి రవ్వా ఒక చిన్న ప్రసారిణే. దాని తరంగాలు ఒక సంఖ్యకు పరిమితం కావు, విశాలమైన మేర అంతటా పరుచుకుంటాయి. మిల్లుల్లో మోటార్లు ఆన్ చేసినప్పుడు వచ్చే 'టక్' శబ్దం, దుమ్ము పట్టిన లేదా పగిలిన ఇన్సులేటర్ల దగ్గర వచ్చే బుర్రుమనే హోరు కూడా ఈ కోవకే చెందుతాయి. వీటిని గుర్తుపట్టడం సులువు. ఇంజను ఆపినా రొద ఆగదు, కొన్ని వందల మీటర్లు ముందుకు పోతే తగ్గిపోతుంది. ఒకే స్తంభం దగ్గర రోజూ హోరు వినిపిస్తుంటే ఆ స్తంభం సంఖ్యను కరెంటు ఆఫీసుకు తెలియజేయడం మంచిది. అది రేడియోకే కాదు, మనుషులకూ ప్రమాద సూచన కావచ్చు.

బండిలోనే పుట్టే రొద

రేడియోకు పెద్ద శత్రువు తరచుగా బానెట్ కిందే ఉంటుంది. 1930లో చికాగోలోని గాల్విన్ సంస్థ కారు రేడియోను రూపొందించి 'మోటరోలా' అని పేరు పెట్టింది. ఆ కాలపు ఇంజనీర్లను ఎక్కువగా వేధించిన సమస్య కూడా ఇంజను నుంచి వచ్చే రొదే.

పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు దగ్గర వేల వోల్టులతో నిప్పురవ్వ పుడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరిగితే సెకనుకు 30 రవ్వలు, 3000 చుట్లు తిరిగితే 100 రవ్వలు. అందుకే యాక్సిలరేటర్ తొక్కితే టకటక శబ్దం వేగం పెరుగుతుంది. దీనికి విరుగుడు లోపల నిరోధం ఉన్న ప్లగ్గులు, కార్బన్ తంతువు ఉన్న ప్లగ్గు తీగలు. ఆ నిరోధం రవ్వను ఆపదు. రవ్వ తర్వాత తీగలో వచ్చే వేగమైన విద్యుత్ డోలనాలను అణచివేస్తుంది. ఎవరో మెకానిక్ వాటి స్థానంలో మామూలు రాగి తీగలు వేస్తే ఆ రోజు నుంచే గరగర మొదలవుతుంది.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గులే లేవు. కాబట్టి డీజిల్ లారీలో ఇంజను వేగంతో మారే శబ్దం వస్తే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. అది టకటక కాదు, ఈల. ఆల్టర్నేటర్‌లో 6 జతల ధ్రువాలు ఉండి, మూడు ఫేజుల కరెంటును డయోడ్లు ఏకముఖంగా మారిస్తే, ఒక్కో చుట్టుకు 36 చిన్న అలలు పుడతాయి. అది నిమిషానికి 2500 చుట్లు తిరిగితే సెకనుకు 1500 అలలు. చెవికి స్పష్టంగా వినిపించే ఈల అది. ఒక డయోడు చెడితే ఈల ఒక్కసారిగా హెచ్చుతుంది. అంటే రేడియో ఇక్కడ ఆల్టర్నేటర్ జబ్బును కూడా చెబుతోందన్నమాట.

ఈ కాలపు కొత్త శత్రువులు చిన్నవి. సెల్‌ఫోన్ ఛార్జర్, డాష్ కెమెరా, చవక ఎల్.ఇ.డి. దీపాలు, లారీలోని 24 వోల్టులను 12 వోల్టులకు తగ్గించే కన్వర్టర్. ఇవన్నీ కరెంటును సెకనుకు వేల, లక్షల సార్లు ఆపి వదులుతూ పనిచేస్తాయి. సరైన ఫిల్టరు లేకపోతే ఆ కదలికలు నేరుగా మీడియం వేవ్‌లో పడతాయి. ఎఫ్.ఎం.లో మాట తరంగపు ఎత్తులో కాక పౌనఃపున్యం మార్పులో దాగి ఉంటుంది. ఎత్తులో వచ్చే ఒడిదుడుకులను సెట్టు కత్తిరించి పారేస్తుంది. అందుకే ఎఫ్.ఎం. ప్రశాంతంగా ఉంటుంది. అయితే సంకేతం మరీ బలహీనమైతే ఈ రక్షణ పనిచేయదు.

ఏరియల్, ఎర్త్

బండి పైన కనిపించే కడ్డీ ఏరియల్‌లో సగమే. రెండో సగం బండి ఇనుప బాడీ. ఏరియల్ అడుగు భాగం బాడీకి గట్టిగా తగిలి ఉండాలి. దాన్నే ఎర్త్ అంటాం. వానకు తడిసి, బురద పట్టి, ఆ చోటు తుప్పు పడితే సంకేతం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఏరియల్ తీగ చుట్టూ ఉన్న అల్లిక కవచం పనిచేయక బండి రొదంతా లోపలికి వస్తుంది. రంగు వేయించిన తర్వాత రేడియో చెడిందంటే ఎర్త్ కింద రంగు పొర చేరిందేమో చూడాలి.

ఎఫ్.ఎం.కు 75 సెంటీమీటర్ల కడ్డీ చక్కగా నప్పుతుంది. అది తరంగంలో నాలుగో వంతు. అందానికని చిన్న కడ్డీ పెట్టుకుంటే తిల్దా వంటి అంచు ప్రాంతంలో నష్టం తెలిసిపోతుంది. కొన్ని కార్లలో పొట్టి ఏరియల్ అడుగునో వెనుక అద్దంలోనో చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. దానికి 12 వోల్టులు సెట్టు నుంచే అందాలి. చాలా సెట్లలో ఇందుకు నీలం లేదా నీలం-తెలుపు తీగ ఉంటుంది. సెట్టు మార్చినప్పుడు ఆ తీగను కలపడం మరచిపోతే, ఖరీదైన కొత్త సెట్టు పాతదానికన్నా అధ్వాన్నంగా పలుకుతుంది!

వరుసగా వెతకడం ఎలా?

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఫలితం దేని వల్ల వచ్చిందో తెలియదు. ప్రయోగశాలలో పాటించే ఈ నియమం వర్క్‌షాపులోనూ వర్తిస్తుంది. బండి ఆపి, ఈ వరుసలో పరీక్షించండి.

1. రైలు తీగలు, పెద్ద కరెంటు లైన్లు లేని బయలులో బండి నిలపండి. సెట్టులో 'లోకల్' మీట నొక్కి ఉందేమో చూడండి. అది సెట్టు గ్రహణశక్తిని కావాలనే తగ్గిస్తుంది. అంచు ప్రాంతంలో 'డి.ఎక్స్.' ఉండాలి. స్టీరియోకు చాలా బలమైన సంకేతం కావాలి కాబట్టి వీలుంటే మోనో పెట్టి చూడండి.

2. ఇంజను ఆపి, రేడియో మాత్రమే పెట్టండి. బాగా వినిపించి, ఇంజను వేయగానే చెడితే రొద బండిదే. ఇంజను ఆపినా బలహీనంగా ఉంటే సంకేతం, ఏరియల్ వైపు చూడండి.

3. ఇంజను నడుస్తుండగా ఏరియల్ ప్లగ్గును సెట్టు వెనుక నుంచి లాగండి. రొద ఆగితే అది ఏరియల్ ద్వారా వస్తోంది. ఆగకపోతే కరెంటు తీగల ద్వారా వస్తోంది. సెట్టు ఎర్త్ తీగ, ఫిల్టరు చూడవలసి ఉంటుంది. సగం వెతుకులాట ఈ ఒక్క పరీక్షతో తగ్గిపోతుంది.

4. ఛార్జరు, కెమెరా, దీపాలు, ఫ్యాను, వైపరు ఒక్కొక్కటే ఆపుతూ వినండి.

5. ఏరియల్ సాకెట్టు మధ్య రంధ్రంలో 75 సెంటీమీటర్ల తీగ గుచ్చి, కిటికీ బయటికి వేలాడదీయండి. ఎఫ్.ఎం. మెరుగైతే సెట్టు నిర్దోషి, ఏరియల్ దోషి.

6. మల్టీమీటరుతో చూడండి. ఆంప్లిఫయర్ లేని ఏరియల్‌లో కడ్డీకీ ప్లగ్గు మొనకూ మధ్య నిరోధం దాదాపు సున్నా ఉండాలి. మొనకూ బయటి గొట్టానికీ మధ్య సంబంధం ఉండకూడదు. బయటి గొట్టానికీ బాడీకీ మధ్య ఒక ఓము లోపే ఉండాలి.

ఇవన్నీ అయ్యాక కూడా ఫలితం లేకపోతే, అప్పుడు సెట్టును అనుమానించవచ్చు.

జాగ్రత్తలు మరువకూడదు. నడిచే ఇంజను ఫ్యాను, బెల్టు దగ్గర చేయి పెట్టవద్దు. స్పార్క్ ప్లగ్గు తీగను అసలే ముట్టుకోవద్దు. తీగలు కలిపే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఎయిర్ బ్యాగుల పసుపుపచ్చ తీగల జోలికి పోకూడదు.

సెల్‌ఫోన్ల కాలంలో ఇంత శ్రమ దేనికని అనిపించవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ పోయింది, సెల్‌ఫోన్లూ మూగబోయాయి. అలాంటి వేళ, ప్రసారం ఎక్కడి నుంచి వస్తున్నా, సొంత బ్యాటరీతో నడిచే గ్రాహకం బండిలోనే ఉంటుంది. విద్యుత్ కార్లలో మోటారు నియంత్రణ పరికరాల రొద మీడియం వేవ్‌ను చెడగొడుతోందని కొందరు తయారీదారులు ఆ బ్యాండునే తీసివేశారు. ఫోర్డ్ సంస్థ కూడా అలా చేయబోయి, అత్యవసర హెచ్చరికలకు అది అవసరమన్న వాదన బలపడడంతో 2023లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.

మీ దగ్గర చిన్న ట్రాన్సిస్టర్ ఉంటే ఒక ప్రయోగం చేయండి. మీడియం వేవ్‌లో ఏ కేంద్రమూ లేని చోట ముల్లు నిలిపి, ఆగి ఉన్న బండి క్యాబిన్‌లో ఛార్జరు, ఎల్.ఇ.డి. దీపం, కెమెరా దగ్గరికి ఒక్కొక్కదాని వద్దకూ తీసుకువెళ్లండి. రేడియోను అటూ ఇటూ తిప్పండి. లోపలి ఫెర్రైట్ కడ్డీకి దిశా జ్ఞానం ఉంటుంది కాబట్టి రొద హెచ్చుతగ్గులు మూలం ఎటువైపు ఉందో సూచిస్తాయి. ఏ వస్తువు ఎంత దూరం నుంచి వినిపిస్తోందో కొలిచి పట్టిక రాయండి. దానిలో అన్నిటికన్నా పైన నిలిచే వస్తువును ఆపి, బండి రేడియో మళ్లీ వినండి.